ఆయన వెనక నిలబడినవాడు

ఆయన గొప్ప వేషాల్లో మొదటిది నేను మా పెరట్లో చూశాను. నీళ్ళ తొట్టి పక్కన, తీగ మీద ఆరేసిన దుప్పటి ముందు, మా తమ్ముడు వేసి చూపించాడు.

ఆ రోజుల్లో నేరాల సినిమా అంటే ఆయనే. పేరు రాయను. ఈ రాతలో ఎవరి పేరూ రాయడం లేదు. ఆ వేషంలో ఆయన ఓడరేవు దొంగసరుకుల వ్యాపారి. ఎదురుగా ఒక మనిషి ప్రాణభిక్ష అడుగుతుంటాడు. ఆయన కుర్చీలో కూర్చుని బత్తాయి వలుస్తుంటాడు. తొక్క తెగకుండా చుట్టూ వచ్చేదాకా మాట్లాడడు. వలవడం అయ్యాక ఒక తొన తీసి ఆ మనిషికే ఇచ్చి, "తిను, దాహంగా ఉంటావు" అంటాడు. అంతే. ఆ తర్వాత ఏమైందో చూపించరు. మా ఇంట్లో బత్తాయి లేదు కాబట్టి తమ్ముడు ఉడకబెట్టిన చిలగడదుంప వలిచాడు. ప్రాణభిక్ష అడిగే వేషం నాది. నవ్వాపుకోలేక పాడు చేశాను.

"అక్కా, నువ్విట్టా ఇకిలిస్తే నిన్ను చంపాలని ఎవడికి బుద్ధి పుడుద్ది?" అన్నాడు వాడు.

మాది రేపల్లె. నాన్న మిషను బడిలో మాస్టారు. చిన్నతనంలోనే నా కాలు ఒకటి చచ్చుబడిపోవడంతో నన్ను బడికి పంపలేదు. ఆయన బడి నుంచి వచ్చాక వరండాలో కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పారు. బైబిలు వాక్యం, కీర్తనలు, పొట్లాలు కట్టిన పేపరు ముక్కలు, ఇవే నా చదువు. అంత చదువు చెప్పిన తండ్రి దొరికినందుకు నేను ఈనాటికీ దేవుణ్ణి స్తుతిస్తాను. సినిమా మాత్రం మా ఇంట్లో పాపం. తమ్ముడు చాటుగా చూసొచ్చి, నాన్న లేని వేళ నాకు ఆడి చూపించేవాడు.

మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఏదైనా అందుకోబోయే ముందే స్తోత్రం చెప్పాలి. అన్నానికే కాదు, పండగ బట్టకీ, ఇంటికొచ్చే చుట్టానికీ కూడా. కళ్ళు మూసుకుని, తల వంచి, చెప్పాకే చెయ్యి చాపాలి. "చేతికందాక ఎవడైనా చెబుతాడు. అందకముందు చెప్పేదే విశ్వాసం" అనేవారు నాన్న. ఒకసారి ఆయన ప్రార్థన బాగా పొడుగైంది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి పిల్లి ఆయన కంచంలో చేపముక్క ఎత్తుకుపోయింది. "దేవుడు దానికిచ్చాడు నాన్నా, అది కళ్ళు మూసుకోలేదుగా" అన్నాడు తమ్ముడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. నాన్న కూడా నవ్వారు. పద్ధతి మాత్రం మారలేదు.

నాన్న పోయాక తమ్ముణ్ణి ఆపేవాళ్ళు లేకపోయారు. తెనాలి నాటకాలాయన ఒకరు మద్రాసు వెళ్తుంటే వాడూ వెంటపడి వెళ్ళాడు. కొన్నాళ్ళకు కబురు పంపాడు. ఆ బత్తాయి వేషమాయన సినిమాల్లోనే పని దొరికిందట. ఆయన కుర్చీలో కూర్చుంటే వెనక నలుగురు చేతులు కట్టుకుని నిలబడతారు కదా, అందులో ఒకడు. మాట ఉండదు. ఆయన లేస్తే వీళ్ళు ఒకడుగు వెనక్కి వెయ్యాలి. "బాగా నిలబడుతున్నానని చెప్పు అమ్మకి" అని రాశాడు. ఆ తర్వాత ఉత్తరాలు రాలేదు. మామయ్య మద్రాసు వెళ్ళి, వాడుండే గది వెతికి పట్టుకున్నాడు. "ఊరెళ్తున్నానని సంచి తీసుకుని పోయాడు గదా" అన్నాడట ఆ ఇంటాయన. ఊరికి రాలేదు. మామయ్య రైలు స్టేషన్లలో అడిగాడు, పెద్దాసుపత్రిలో అడిగాడు, చివరికి అడగకూడని చోట కూడా అడిగి వచ్చాడు. ఎక్కడా లేడు.

ఆ ఏడే అమ్మ చూపు తగ్గడం మొదలైంది. పక్కనున్న గ్లాసు కనిపించక తన్నేది. గుమ్మం అంచు భుజానికి తగిలేది. తెనాలిలో కళ్ళ డాక్టరుగారు చూసి, "నీటికాసులమ్మా. పోయిన చూపు రాదు. ఉన్నది నిలబెట్టడానికి చుక్కలిస్తాను, నిలబడుతుందని మాత్రం చెప్పలేను" అన్నారు.

స్టేషన్లో కూర్చున్నాక అమ్మ అంది: "పోతే పోనీయవే. వాడి మొఖం ఒక్కసారి చూశాక పోనీ."

వాడి ఫొటో మా ఇంట్లో ఒకటే ఉంది, బడి పిల్లలందరితో తీసినది. సరిగ్గా తీసే వేళకి వాడు కదిలాడు. అందులో మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక ఉంది.

ఇట్లా ఉండగా ఒక పొద్దున మా వీధిలో జాకెట్లు కుట్టే అక్క తెనాలి పుట్టింటి నుంచి దిగి, సంచి కూడా కింద పెట్టకుండా మా గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"అత్తా! మీవాడు చచ్చిపోయాడత్తా! అబ్బ, ఎంత బాగా చచ్చిపోయాడో!"

అమ్మ చేతిలో చేట జారిపోయింది. అప్పటికి గాని ఆ అక్కకి తను ఏమందో అర్థం కాలేదు. "అయ్యో నా నోరు పడ! సినిమాలో అత్తా, సినిమాలో! నిన్న చూశాను. ఆయన సినిమాలో మీవాడు ఆయనకు తగలాల్సిన గుండు తగిలి చచ్చిపోతాడు. మొఖం ఇంతలావున చూపించాడు, తెర నిండా!" అంటూ అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

తెర నిండా. అమ్మ ఆ మాట పట్టుకుంది. గ్లాసు కనిపించకపోయినా, అంత పెద్ద మొహం కనిపించకుండా పోదు కదా.

మర్నాడు గురువారం, తెనాలిలో ఆ సినిమాకి ఆఖరి రోజు. రేపల్లె బండెక్కి మ్యాట్నీకి వెళ్ళాం. మాస్టారి భార్య సినిమా హాల్లోకి అడుగుపెట్టడం అదే మొదలు. ఎవరైనా చూస్తారేమోనని కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. "ముసుగు తియ్యి పెద్దమ్మా, నీ వెనకాల మేం కూడా టిక్కెట్టు కొనుక్కున్నాం" అని వెనక నుంచి ఎవరో అంటే దించుకుంది. హాలు గోల ఆమెకు పట్టలేదు. తెర మీద ఎవరు వచ్చినా, "వీడా?" అని అడిగేది. నేను తొలిసారి ఆయన్ని నిజంగా చూడటమది. తమ్ముడు ఎంత సరిగ్గా ఆడి చూపించేవాడో అక్కడ తెలిసింది. ఆయన నడిచినప్పుడు నాకు మా నీళ్ళ తొట్టి గుర్తొచ్చింది.

ఇంటర్వెల్ తర్వాత ఆ ఘట్టం. ఆయన రైలు గోదాములో విస్తరి ముందు కూర్చుని తింటుంటాడు. తలుపులోంచి ఆయన మనిషొకడు పరుగెత్తుకొచ్చి ఆయనకు అడ్డం నిలబడి గుండు తింటాడు. జాకెట్ల అక్క ముందే చెప్పింది కాబట్టి, విస్తరి కనిపించగానే అమ్మ చెయ్యి పట్టుకుని అన్నాను: "ఇప్పుడేనమ్మా. ఆ తలుపులోంచి వస్తాడు."

అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. తల వంచింది. కళ్ళు మూసుకుంది.

నాకు అర్థమయ్యేలోగా తమ్ముడు తలుపులోంచి వచ్చాడు. చిక్కిపోయి, గడ్డం పెరిగి, పెదవులు ఎండిపోయి ఉన్నాడు. పడ్డాడు. తెర నిండా వాడి మొహం. కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆయన విస్తరి ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి పంచెకు తుడుచుకుని, వాడి కళ్ళు మూయడానికి వంగాడు. చెయ్యి మొహం దాకా వచ్చి ఆగిపోయింది. ముట్టుకోవాలో వద్దో తెలియనట్టు గాలిలో ఆగింది. ఆయన మొహంలో, అంతమందిని చంపించిన ఆ మొహంలో, ఏదో బెదురులాంటిది కదిలింది. తర్వాత చెయ్యి మెల్లగా కళ్ళ మీద పడింది.

నేను అమ్మ భుజం కుదుపుతూనే ఉన్నాను. "ఆమెన్" అని అమ్మ కళ్ళు తెరిచేసరికి తెర మీద కారు పోతోంది.

"ఏడీ?"

"అయిపోయిందమ్మా."

ఆమె ఆ కారు వెళ్ళినవైపే చూస్తూ కూర్చుంది. తిరుగుబండిలో రేపల్లె దగ్గరపడ్డాక అడిగింది.

"చిక్కాడా?"

"కొంచెం."

"అదేలే, అక్కడ కూడు ఎవరు పెడతారు." మళ్ళీ తనే, "బాపట్లకొచ్చిద్దిగా సినిమా. తెనాలి తర్వాత అక్కడికేగా వచ్చేది. పిన్ని వాళ్ళింట్లో దిగి చూద్దాం" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఆశ ఉంది. దేవుడు ఆ కాస్త ఆశ ఇచ్చినందుకు నేను స్తోత్రం చెప్పుకున్నాను, మామూలుగానే, ముందుగానే.

సినిమా బాపట్లకు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో అమ్మ చూపు చేతి గాజులోంచి చూస్తున్నంతగా ఇరుకైపోయింది. ఎటు తిప్పితే అటే కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. పిన్ని నోరు గల మనిషి. హాల్లో అమ్మకు ఒక పక్క తను, ఒక పక్క నేను కూర్చున్నాం. "అక్కా, ఈసారి కళ్ళు మూశావంటే తొడపాశం పెడతా. స్తోత్రాలు ఇంటికెళ్ళాక చెప్పుకో, దేవుడేం ఊరెళ్ళిపోడు" అంది. విస్తరి వచ్చింది. అమ్మ కళ్ళు మూయలేదు. రెప్ప కూడా వాల్చలేదు. తల మాత్రం అటూ ఇటూ తిప్పుతోంది.

"ఎటే? ఎటు?"

"కిందికి. ఎడమవైపు."

"ఎడమా?"

"అక్కా, అదుగో, అదుగో!" అంది పిన్ని.

అమ్మ చూపు అక్కడికి చేరేసరికి వాడి మొహం మీద ఆయన చెయ్యి పడింది. "చెయ్యి కనపడింది. ఆ చెయ్యి కింద ఉన్నది వాడేనా?" అని గట్టిగా అడిగింది. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగారు.

మర్నాడు మళ్ళీ వెళ్దామనుకున్నాం. ఆ సాయంత్రమే అమ్మకు కన్ను ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టయి, వాంతులు పట్టుకున్నాయి. తెనాలి తీసుకుపోతే డాక్టరుగారు ఏమేం చేశారని అడిగి, సినిమా అనగానే తల పట్టుకున్నారు. "చీకట్లో కూర్చోకూడదమ్మా మీరు. చీకట్లో కంట్లో ఒత్తిడి పెరుగుద్ది. మీలాంటివాళ్ళకి సినిమా హాలు విషం." ఆ దెబ్బతో ఒక కన్ను పూర్తిగా పోయింది. వాణ్ణి చూడాలంటే చీకట్లో కూర్చోవాలి. చీకట్లో కూర్చుంటే కళ్ళు పోతాయి.

చివరికి ఆ సినిమా మా రేపల్లెకే వచ్చింది. రిక్షా మైకులో అరుస్తూ మా వీధిలోంచే పోయింది. నేను వద్దన్నాను. "ఉన్న కాస్త చూపు దేనికి దాచనే? బియ్యంలో రాళ్ళేరడానికా?" అంది అమ్మ. తెరకు దగ్గరగా, నేల క్లాసులో కూర్చున్నాం. మిగిలిన ఆ కంటితో అంత దగ్గర నుంచి ఆమెకు మనుషుల ఆకారాలు తెలుస్తున్నాయి. తెర మీద వానపడుతున్నట్టు గీతలు. విస్తరి వచ్చింది. ఆయన ముద్ద కలిపాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మరుక్షణం కారు పోతోంది.

తలుపులోంచి ఎవరూ రాలేదు.

బయట సినిమా మిషన్ ఆడించే ఆయన్ని అడిగాను. మర్యాదగానే చెప్పాడు. "పాత ప్రింటండి. ఊరూరా తెగుద్ది. తెగినప్పుడల్లా కోసి అతికిస్తారు. అతికినప్పుడల్లా కొంచెం పోద్దండి."

"మా పిల్లోడయ్యా, పోయింది" అంది అమ్మ.

"ఎక్కడ పోయాడోనమ్మా. మా దగ్గరికొచ్చేసరికే లేడు" అన్నాడాయన.

ఆ వానాకాలం వెళ్ళేలోగా రెండో కన్నూ పోయింది. అమ్మ ఏడవలేదు. కళ్ళలో చుక్కలు వేసే సీసా మాత్రం కిటికీలోంచి తీయనివ్వలేదు.

తొంభైల నాటికి ఆయన ఇంకా పెద్ద నటుడయ్యాడు. టీవీలో వచ్చిన ప్రతి సినిమా చూశాను. జైలు నుంచి విడుదలై తన ఇంటి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి, భార్యను ఏమని పిలవాలో తెలియక, పాలవాడిలా "అమ్మా" అని పిలిచే వేషం ఉంది. దానికి సాటి లేదంటారు. ముసలి ఇన్‌ఫార్మరు వేషం ఒకటి. తను పట్టించిన కుర్రాడికే బీడీ వెలిగించి ఇస్తాడు. అగ్గిపుల్ల ఆరిపోయేదాకా వాడి మొహం చూడలేక పుల్లనే చూస్తాడు. అదీ గొప్పదే. ఆయన అరవడు, కళ్ళెర్రజేయడు. చెడ్డ పనులన్నీ మనం ఇంట్లో పనులు చేసుకున్నట్టు చేస్తాడు, అందుకే భయం వేస్తుంది. ఇవన్నీ నేను అమ్మకు చెబుతూ చూసేదాన్ని. నిజానికి నేను చూసింది ఆయన్ని కాదు. ఆయన కుర్చీలో కూర్చోగానే నా కళ్ళు వెనక్కి పోయేవి. నలుగురు నిలబడి ఉండేవారు. ఒక్కోసారి ఆరుగురు. అందరూ ఎవరో తల్లుల పిల్లలు.

"ఉన్నాడా?" అనేది అమ్మ.

"లేడమ్మా."

ఆయనకు తెనాలిలో సన్మానం చేస్తున్నారని తెలిసింది. పగటిపూట సభ. అమ్మను పిన్నికి అప్పజెప్పి వెళ్ళాను. వేదిక మీద ఎవరో మాట్లాడుతూ, ఆయన నటనంతటికీ శిఖరం ఆ గోదాము ఘట్టమేనని, గాలిలో ఆగిన ఆ చేతి గురించి ఒక గ్రంథం రాయొచ్చని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన తల దించుకుని కూర్చున్నాడు. వేదిక వెనక ఆయన శాలువాతో కారు కోసం నిలబడి ఉండగా నేను కుంటుకుంటూ దగ్గరికి పోయాను. జనం నా కాలు చూసి దారిచ్చారు.

"వందనాలండి. మా తమ్ముడు మీ వెనక నిలబడేవాడండి."

"చాలామంది నిలబడ్డారు తల్లీ. ఏ సినిమాలో?"

చెప్పాను. విస్తరి, తలుపు, కళ్ళు మూయడం. ఆయన నన్ను చూడటం మాని తన కుడిచెయ్యి చూసుకున్నాడు.

"ఇందాక స్టేజీ మీద చెప్పారే, అది నటన కాదమ్మా" అన్నాడు మెల్లగా. "ముట్టుకోబోతే సెగ కొట్టింది. పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోంది. అందుకే చెయ్యి ఆగింది. డైరెక్టరు కట్ చెప్పలేదు. సరేనని నేను కానిచ్చేశాను."

"తర్వాతండి?"

"తర్వాత భోజనాలన్నారు. ఎవరో చూసుకునుంటారనుకున్నా." శాలువా సర్దుకున్నాడు. "పేరేంటమ్మా?"

చెప్పాను. ఆయన ఆ పేరు తనలో తాను అనుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ విననట్టు. "ఇప్పుడెలా ఉన్నాడు?" అని అడిగాడు.

"ఇంటికి రాలేదండి."

కారొచ్చింది. ఆయన ఎక్కలేదు. పక్కనున్నవాళ్ళు "సార్, సార్" అంటూ ఎక్కించారు.

ఆయన వేషాల్లో ఏది గొప్పదని నన్నడిగితే, అది నటన కాదని ఆయనే చెప్పినా, అదే అంటాను. మా వాడి మీద పడిన ఆఖరి చెయ్యి అది, నాకు తెలిసినంతవరకు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మం దగ్గర మంచం మీద కూర్చుని ఉంది. నా అడుగు చప్పుడు దూరం నుంచే తెలుస్తుంది ఆమెకు. "ఏమన్నాడే?" అంది. మా ఇంట్లో అబద్ధం చెప్పడం నేర్పలేదు. అంతా చెప్పాను. పిన్ని వద్దు వద్దని సైగ చేస్తూనే ఉంది.

"జ్వరమా" అంది అమ్మ. అప్పుడే ఎవరో ఇంట్లోకి వచ్చి చెప్పినట్టు. "ఊరెళ్తున్నానన్నది అందుకన్నమాట. జ్వరమొస్తే వాడికి చారన్నం తప్ప దిగదు." తర్వాత, "ఆయన ఎట్టా వేశాడో అట్టా నాకు చెయ్యి వెయ్యవే" అంది.

నేను అరచెయ్యి ఆమె మొహం దాకా తీసుకెళ్ళి ఆపాను. ఆయన ఎంతసేపు ఆపాడో అంతసేపు. తర్వాత కళ్ళ మీద ఆనించాను. నా చేతి కింద రెప్పలు కదిలాయి. మూతపడలేదు.

"మూసుకో అమ్మా. ఆయన మూశాడుగా."

"నేను మూయను" అంది.

పిన్ని అన్నం వడ్డించింది. ఆ పూట ప్రార్థన నేనే చేశాను. దేనికి స్తుతించాలో వెంటనే తోచలేదు. ఆ జ్వరంలో ఒక మనిషి చెయ్యయినా వాణ్ణి తాకినందుకు స్తోత్రం ప్రభువా అన్నాను. అమ్మ ఆమెన్ అంటుందని ఆగాను. అనలేదు. నేను కళ్ళు తెరిచేసరికి ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి. కంచంలో అన్నం చల్లారిపోతున్నా చెయ్యి చాపలేదు.